నా ముక్కుకు అందని మిరియాలు: వైన్ బృందంలో చేరిన అనుభవం

నెలకోసారి కలిసి వైన్ రుచి చూసే మా బృందంలో గట్టిగా పాటించే నియమం ఒకటే. సీసా పేరు బయటపడే లోపు వైన్ వాసన, రుచి ఎలా ఉన్నాయో ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసేయాలి. రాసేదాకా మాట్లాడకూడదు. పక్కవాళ్ళ కాగితంలోకి తొంగి చూడకూడదు. ఆఖరికి గ్లాసులో ముక్కు పెట్టినవాళ్ళు ముఖం చిట్లించినా, కళ్ళు పెద్దవి చేసినా అటు చూడనట్టే ఉండాలి. సరదాకి కలిసేవాళ్ళకి ఇంత పట్టింపు ఎందుకా అని కొత్తలో అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ నియమం లేని చోట వైన్ గురించి ఎవరైనా ఏదైనా తేల్చి చెబితే నమ్మబుద్ధి కావడం లేదు.

వైన్ తాగడం నాకు అంతకుముందే అలవాటు. నచ్చిన సీసాను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం, నచ్చనిది మర్చిపోవడం, అంతవరకే. ఎందుకు నచ్చిందని అడిగితే "స్మూత్‌గా ఉంది" అనేవాణ్ణి. ఆఫీసులో నాకన్నా సీనియర్ ఒకావిడ ఆ ఫొటోలు చూసి, "మేం నెలకోసారి కలుస్తామండీ, మీరూ రండి. ఏమీ తెలియక్కర్లేదు" అన్నారు. ఇలాంటి పిలుపుల్లో "ఏమీ తెలియక్కర్లేదు" అన్న మాట తప్పకుండా ఉంటుంది. వెళ్ళి కూర్చున్న కాసేపటికే ఫినిష్ అన్నారు, మినరాలిటీ అన్నారు, ఇంకేవో అన్నారు. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

ఏర్పాట్లు మాత్రం బాగా నచ్చాయి. సీసాలన్నిటికీ కాగితం సంచులు తొడిగి, పైన అంకెలు వేసి పెట్టారు. గ్లాసులు చిన్నవి, అడుగున వెడల్పు, పైకి వచ్చేకొద్దీ ఇరుకు. రుచి చూడ్డానికి ప్రత్యేకంగా ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) గ్లాసు అదే, 1977 నాటి ప్రమాణం. 200 మిల్లీలీటర్ల పైచిలుకు పట్టే గ్లాసులో పోసేది 50 మాత్రమే. మిగతా ఖాళీ అంతా వాసన నిలవడానికి. 750 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి ఆ లెక్కన పదిహేను మందికి సరిపోతుంది. సెంటు కొట్టుకుని రావద్దని ముందే చెప్పి పంపారు.

బల్ల మధ్యలో ఒక బకెట్. నోట్లో తిప్పి అందులో ఉమ్మేయాలి. పదిమంది ముందు అలా ఉమ్మడం మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, అది ఎవరికైనా అంతే. కానీ ఆరు రకాలు వరుసగా మింగితే నాలుగో గ్లాసు నుంచి అన్నీ అద్భుతంగానే తోస్తాయి. ఉమ్మినా కొంత ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరూ బండి నడపరు. ఇది కూడా నియమమే, కాకపోతే దీని గురించి వాదన లేదు.

మొదటి రోజు నా కాగితం మీద "ఎరుపు, బాగుంది" అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు. బృందాన్ని నడిపే పెద్దావిడ దాన్ని చూశారు. నవ్వలేదు. "వాసన సంగతి ఇప్పుడొద్దండీ. ముందు మీ నోరు ఏం చేస్తోందో గమనించండి, చాలు" అన్నారు. వైన్ గురించి నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే. కొత్తవాళ్ళు అందరూ వాసన దగ్గర మొదలుపెట్టి, చెర్రీ పండు వాసన దొరకడం లేదని దిగులుపడతారు. నోటి దగ్గర మొదలుపెడితే దిగులు ఉండదు. అక్కడ జరిగేది ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. వైన్ ఉమ్మేశాక నోరు మూసుకుని తల కొంచెం కిందికి వంచాలి. దవడల పక్క నుంచి లాలాజలం ఊరుతుంది. ఎంత వేగంగా, ఎంత ఎక్కువ ఊరితే వైన్‌లో పులుపు అంత ఎక్కువ. నాలుకను నమ్ముకుంటే ఇక్కడ మోసపోతాం, ఎందుకంటే తీపి పులుపును కప్పేస్తుంది. జర్మనీలో చేసే రీస్లింగ్ అనే వైట్ వైన్లలో కొన్ని నాలుక మీద తియ్యగా ఉంటాయి, ఉమ్మేశాక చూస్తే నోరంతా నీళ్ళూరిపోతుంది. తీపీ పులుపూ రెండూ ఎక్కువే అన్నమాట. అందుకే అవి మొహం మొత్తవు.

వగరు ఇంకా సులువు. చిగుళ్ళ మీద, బుగ్గల లోపల ఎండిపోయినట్టు, గరుకుగా పట్టుకుంటుంది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, కొంత ఓక్ పీపాల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అంటుకోవడం వల్ల నోటిలోని జారుడుతనం పోతుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి వాటిలో వగరు. వైట్ వైన్‌కు రసం ముందే పిండేస్తారు కాబట్టి చాలావాటిలో అది తెలియనంత తక్కువ. ఇక ఆల్కహాల్ గొంతులో వేడిగా తగులుతుంది. ఇవన్నీ పోయాక రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టుకోవాలి. ఫినిష్ అని వాళ్ళు అన్నది దాన్నే.

చదువుకునే రోజుల్లో నాలుక బొమ్మ వేసి కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని చూపించేవాళ్ళు. అది తప్పని, రుచులన్నీ నాలుక అంతటా తెలుస్తాయని ఎప్పుడో తేలిపోయింది. అయినా వైన్ గ్లాసు ఫలానా ఆకారంలో ఉంటే వైన్ నాలుక మీద ఫలానా చోట పడుతుందని చెప్పేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు.

ఒక సాయంత్రం మొత్తం కొలతలు సరిచూసుకోవడానికే పెట్టారు. పెద్దగా వాసన, రుచి లేని ఒకే వైట్ వైన్‌ను నాలుగు గ్లాసుల్లో పోశారు. ఒకటి ఉన్నది ఉన్నట్టు. ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో పాలు లేని గాఢమైన టీ. ఏది ఏదో కనుక్కోవడం కాదు అక్కడ పని. "పులుపు ఎక్కువ" అని నేను రాస్తే పక్కాయన దానికి "మధ్యస్థం" అని రాస్తున్నాడా అన్నది చూడ్డం. రాస్తున్నాడు. ఆయన పులుపు ఇష్టంగా తినే మనిషి. ఆ తర్వాత నెలనెలా మొదటి గ్లాసుగా అందరికీ తెలిసిన ఒక వైన్ పోసి, "ఇది మధ్యస్థం" అని ఒప్పుకున్నాకే మిగతావి తెరుస్తున్నాం. లండన్‌లో 1969లో మొదలైన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ వాళ్ళ పై స్థాయి కోర్సుల్లో పులుపుకు అయిదు మెట్లు ఉంటాయి. మేం మూడింటితో సరిపెట్టుకుంటాం. అయిదు మెట్లు పెట్టి చూశాం, నడిమి మూడింటి మధ్య తేడా గురించే రాత్రంతా గడిచిపోయింది.

నోరు కాస్త కుదిరాక వాసనల దగ్గరికి వచ్చాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పనిచేసిన ఆన్ నోబుల్ 1984లో ప్రచురించిన వాసనల చక్రం ఒకటి ఉంది. అన్నిటికన్నా లోపలి వలయంలో పళ్ళు, పూలు, మసాలా, చెక్క, మట్టి లాంటి పెద్ద గుంపులు. బయటికి వెళ్ళేకొద్దీ వివరం పెరుగుతుంది. పండు అంటే ఏ రకం? పులుపు జాతి. పులుపు జాతిలో ఏది? నిమ్మ. ఇలా లోపలి నుంచి బయటికి నడవాలి. లోపలి వలయం దగ్గరే ఆగిపోయినా పరవాలేదు, "పండు" అని రాసి ఊరుకోవచ్చు. ఈ చక్రంలో "సొగసైన", "హుందా అయిన" లాంటి మాటలు లేవు. అవి వాసనలు కావు, అభిప్రాయాలు. ఈ ఒక్క సవరణతో వైన్ కబుర్లలో సగం రాలిపోతాయి. నాకైతే రాలిపోయిన సగం మీద బెంగ లేదు.

పెద్దావిడ ఆ నెల చిన్న చిన్న గ్లాసుల్లో కొంచెం వైన్ పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు నానబెట్టి, పైన మూతలు పెట్టి తెచ్చారు. నిమ్మ తొక్క, లవంగం, పచ్చి క్యాప్సికమ్ ముక్క, వెనిలా, వెన్న, గులాబీ రేకులు. పేరు గ్లాసు అడుగున అంటించి ఉంది. మూత తీసి వాసన చూసి, పేరు రాసి, ఆ తర్వాతే కింద చూసుకోవాలి. రోజూ వంటింట్లో చూసే లవంగం కూడా కళ్ళకు కనపడకపోతే చటుక్కున తట్టదు. "తెలుసు, తెలుసు, నోట్లోనే ఉంది" అనడం ఆ సాయంత్రం అందరి వంతూ అయింది. రెండో రౌండ్‌కే చాలామందికి తేడా వచ్చింది. ముక్కు మారిపోలేదు, వాసనకూ పేరుకూ మధ్య దారి పడింది అంతే.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత ఆవిడ చెప్పిన సంగతులు. వైన్‌లో లవంగం వాసన వచ్చిందంటే అది కవిత్వం కాదట. లవంగాల్లో ఉండే యూజినాల్, కాల్చిన ఓక్ పీపాల నుంచి వైన్‌లోకి దిగుతుంది. వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్ కూడా ఆ చెక్కలోనిదే. క్యాప్సికమ్‌లో ఉండే మెథాక్సీపైరజీన్లు రెడ్ వైన్ ద్రాక్ష కాబెర్నే సావిన్యోన్‌లో, దాని బంధువుల్లో, వైట్ వైన్ ద్రాక్ష సావిన్యోన్ బ్లాంక్‌లో సహజంగానే ఉంటాయి, కాయ పండేకొద్దీ, ఎండ తగిలేకొద్దీ తగ్గుతాయి. వెన్న వాసన డైఅసిటైల్‌ది. ఘాటైన మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు అది పుడుతుంది. ఎవరూ వైన్‌లో లవంగమో వెన్నో కలపలేదు. అవే అణువులు వేరే దారిన వచ్చి చేరాయి. అప్పటిదాకా లేబుల్ వెనక రాసే పొగడ్తలనుకున్న మాటలకు ఒక ఆధారం ఉందని తెలిశాక నాకు ఈ వ్యవహారం మీద గౌరవం పెరిగింది.

అలా అని రాసినవాళ్ళు అందరూ ఆ అణువులను పట్టుకునే రాస్తున్నారని కాదు. 2001లో వెలువడిన ఒక ఫ్రెంచ్ ప్రయోగం గురించి మా దగ్గర తరచూ మాట్లాడుకుంటాం. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ తయారీ చదువుకుంటున్న 54 మంది విద్యార్థులకు ఒక వైట్ వైన్ ఇచ్చారు. అదే వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి కూడా ఇచ్చారు. ఎర్రగా కనిపించినదానికి వాళ్ళు రెడ్ వైన్‌కు వాడే వాసనల మాటలే వాడారు. చదువుకుంటున్నవాళ్ళే అలా ఉంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి "బ్లాక్‌బెర్రీ" అని ఒక్క మాట అన్నాక నా ముక్కు స్వతంత్రంగా ఉంటుందా? మా నియమం వెనక ఉన్న కథ అదే. కొన్నిసార్లు లోపలి రంగు కనపడని నల్ల గ్లాసులు కూడా వాడతాం. వాటిలో రెడ్డో వైటో చెప్పడం కూడా అనుకున్నంత తేలిక కాదు, ముఖ్యంగా రెండూ ఒకే చల్లదనంలో ఉన్నప్పుడు.

నేను నోరు తెరిచి నలుగురి ముందు చెప్పగలిగిన మొదటి మాట క్యాప్సికమ్. ముదురు ఎరుపు రంగు వైన్, సంచిలో ఉంది. కాగితాలు తిప్పి చూస్తే దాదాపు అందరివీ అదే మాట. ద్రాక్ష ఏదన్న దగ్గర కాబెర్నే ఫ్రాంక్ అని కొందరు, మెర్లో అని ఒకరు. సంచి తీస్తే చిలీ నుంచి వచ్చిన కార్మెనేర్. మెర్లో అన్నాయన వెంటనే, "చిలీ వాళ్ళు కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నారండీ, నన్నొక్కణ్ణే అంటారేం?" అన్నారు. నిజమే. బోర్డో నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో తీసుకెళ్ళిన కార్మెనేర్ ద్రాక్ష మొక్కలు అక్కడ మెర్లోతో కలిసిపోయి అదే పేరుతో పెరిగాయి. ఫిలాక్సెరా పురుగు వల్ల బోర్డోలో కార్మెనేర్ దాదాపు కనుమరుగైంది. 1994లో ఫ్రెంచ్ ద్రాక్ష నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో చిలీ తోటల్లో దాన్ని చూసి గుర్తుపట్టేదాకా ఆ తేడా తేలలేదు. ఇలాంటి కథలు చదివితే మర్చిపోతాను, గ్లాసు చేతిలో ఉండగా వింటే ఉండిపోతాయి.

పేర్ల గొడవ మాత్రం కొత్తవాళ్ళను చాలా ఏడిపిస్తుంది. కొన్ని సీసాల మీద ద్రాక్ష పేరు, కొన్నిటి మీద ఊరి పేరు. షాబ్లీ అంటే షార్డోనే అని, సాన్సేర్ వైట్ అంటే సావిన్యోన్ బ్లాంక్ అని, బరోలో అంటే నెబియోలో అని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. తర్కం లేదు, గుర్తుపెట్టుకోవడమే.

ఇక సిరా సాయంత్రం.

ఆ నెల అంశం సిరా ద్రాక్ష. ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయ నుంచి కొన్ని, ఆస్ట్రేలియా నుంచి కొన్ని. ఆస్ట్రేలియాలో దీన్నే షిరాజ్ అంటారు. మొదటి గ్లాసుకే ఎదురుగా ఉన్నవాళ్ళ పెన్నులు చకచకా నడుస్తున్నాయి. నేను ముదురు రేగు జాతి పండు, పొగ, మధ్యస్థం కన్నా ఎక్కువ పులుపు అని రాశాను. కాగితాలు తిప్పాం. అందరి కాగితాల మీదా మొదటి మాట నల్ల మిరియాలు. నా కాగితం మీద లేదు. రెండో గ్లాసు, అదే కథ. మూడోది పోశాక ఒకావిడ, "ఇది మరీ ఎక్కువండీ, మిరియాల డబ్బా మూత తీసినట్టుంది" అన్నారు, కాగితాలు తిప్పాకే లెండి. నేను ఆ గ్లాసు మళ్ళీ తీసుకుని, చేత్తో మూసి, తిప్పి, వేడెక్కించి, కళ్ళు మూసుకుని చూశాను. పండు ఉంది, పొగ ఉంది. మిరియం లేదు.

ఆ బల్ల దగ్గర అప్పుడు మర్యాద కోసం "ఆ, కొంచెం తెలుస్తోంది" అనేయడం చాలా తేలిక. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కాగితం అప్పటికే నా ముందు ఉంది, మిరియం లేకుండా. పెద్దావిడ ఆ కాగితం తీసుకుని చూసి ఒక్కసారిగా ఉత్సాహపడ్డారు. "మీరు ఆ అయిదో మనిషి అయ్యుంటారండీ!" అన్నారు.

సంగతేమిటంటే, సిరాలో మిరియాల వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థం. ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి 2008లో వెల్లడించారు. నల్ల మిరియాల్లో కూడా ఉన్నది అదే. దాని వాసన ఎంత తీవ్రమంటే, లీటరు రెడ్ వైన్‌లో 16 నానోగ్రాములు ఉన్నా చాలామందికి తెలిసిపోతుంది. కానీ వాళ్ళు పరీక్షించినవాళ్ళలో దాదాపు 20 శాతం మందికి, లీటరుకు 4000 నానోగ్రాములు ఇచ్చినా, అదీ వైన్‌లో కాకుండా మంచినీళ్ళలో కలిపి ఇచ్చినా, ఏ వాసనా తగల్లేదు. అయిదుగురిలో ఒకరు. జలుబు కాదు, అనుభవలేమి కాదు. మనుషుల ముక్కులో పనిచేసే వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు. అందరికీ అన్నీ ఒకేలా ఉండవు.

"మరి ఇంట్లో మిరియాల వాసన నాకు బాగానే తెలుస్తుందే?" అని అడిగాను. మిరియాల్లో రోటండోన్ ఒక్కటే కాదు, ఘాటైన వేరే సుగంధ పదార్థాలు చాలా ఉంటాయి, నేను ఇన్నాళ్ళూ వాటినే మిరియం అనుకుని ఉంటానని ఆవిడ అన్నారు. అంటే నా మిరియం, మీ మిరియం ఒకటి కాకపోవచ్చు. ఇన్నేళ్ళు వంటింట్లో మిరియాల పొడి కొట్టిన మనిషిని నేను. ఇదేమిటో జీర్ణించుకోవడానికి నాకు కొన్ని రోజులు పట్టింది.

ఒంటరిగా తాగుతూ ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. సిరా "పండ్ల వాసన ఉండే, కాస్త సాదా వైన్" అని అనుకుంటూ ఉండేవాణ్ణి, దాన్ని మెచ్చుకునేవాళ్ళు గొప్పలు పోతున్నారనుకునేవాణ్ణి. తెలియని వాసన లోటుగా అనిపించదు కదా. నలుగురి కాగితాలు పక్కపక్కన పెడితేనే ఆ ఖాళీ కనిపించింది. అది కూడా అందరూ ముందే విడివిడిగా రాయడం వల్ల. ముందు మాట్లాడుకుని ఉంటే నేనూ "మిరియం" అని రాసేవాణ్ణి, కథ అక్కడితో ముగిసేది.

తర్వాత ఒక నెల దీనికి ఎదురు కథ నడిచింది. ఎవరో ఎంతో దాచుకున్న, ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు పాత వైన్ సీసా తెచ్చారు. అందరూ భక్తిగా ముక్కు పెట్టారు. నాకు మొదటి పీల్పులోనే తడిసిన అట్టపెట్టె వాసన, మూసేసిన గది బూజు వాసన. అవే రాశాను. తిప్పి చూస్తే ఇంకొక్కరి కాగితం మీదే ఆ మాట ఉంది. మిగతావాళ్ళు "పండు తక్కువగా ఉంది, వయసు మీద పడింది" అని రాశారు. అది టీసీఏ అనే పదార్థం వాసన. క్లోరిన్ సంబంధమైన పదార్థాలను బూజు మార్చినప్పుడు పుట్టి, కార్క్ ద్వారా వైన్‌లో చేరుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు వైన్‌ను పాడుచేయడానికి. ఆరోగ్యానికి హాని లేదు, ఆనందానికే. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చినదాని ప్రకారం టీసీఏ తన వాసన చూపించడమే కాదు, ముక్కులోని వాసన కణాల సంకేతాలనే అణిచివేస్తుంది. "పండు తక్కువగా ఉంది" అన్నవాళ్ళు కూడా సరిగ్గానే రాశారన్నమాట. కాసేపు గ్లాసులో వదిలేస్తే అందరికీ తెలిసిపోయింది. సీసా తెచ్చినాయన ముఖం చూడలేకపోయాం. ఆ వేళ నుంచి ప్రతి కొత్త సీసా తెరిచాక మొదటి చుక్క నా గ్లాసులోనూ, ఆ రెండో ఆవిడ గ్లాసులోనూ పడుతోంది.

మార్కులు వేయడం మేం మానేశాం. అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ పుణ్యమా అని ప్రపంచమంతా పాకిన 100 మార్కుల పద్ధతిలో అసలు లెక్క 50 నుంచి మొదలవుతుంది. కొన్ని నెలలు మేమూ వేసి సగటు తీశాం. సగటులో అన్ని వైన్లూ ఒకేలా కనిపించాయి. ఇద్దరికి ప్రాణంగా నచ్చి, ఇద్దరికి గిట్టని వైన్, ఎవరికీ ఏమీ అనిపించని వైన్, రెండిటికీ అవే మార్కులు. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన పోటీ గురించి అందరూ చెప్పుకుంటారు. పేర్లు దాచి పోస్తే, వైట్‌లలో షటో మాంటెలీనా, రెడ్‌లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్, రెండూ 1973 నాటి కాలిఫోర్నియా వైన్లు, ఫ్రెంచ్ వైన్లను దాటి మొదటి స్థానంలో నిలిచాయి. లెక్కలోకి తీసుకున్న తొమ్మిది మంది న్యాయనిర్ణేతలూ ఫ్రెంచ్‌వాళ్ళే. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి ఒక్కొక్కరు వేసిన మార్కులు విడిగా చూడండి. 20కి వేసిన ఆ మార్కుల్లో ఒకే వైన్‌కు మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉందో! నాకు ఆసక్తి కలిగించేది ఆ తేడాయే. ఎవరి ముక్కుకు ఏం తగిలి ఉంటుందో అన్న ఆలోచన వస్తుంది.

సీసా తెచ్చే వంతు నాదైనప్పుడు బాగా టెన్షన్ పడ్డాను. ఖరీదైనదాని కోసం వెతకొద్దని, వాదన పుట్టించేది తెమ్మని సలహా ఇచ్చారు. పదేళ్ళు దాటిన రీస్లింగ్ ఒకటి, ఈ మధ్యదే ఒకటి తెచ్చాను. పాతదాంట్లో కిరోసిన్ వాసన. అది టీడీఎన్ అనే పదార్థం వల్ల, ద్రాక్షకు ఎండ బాగా తగిలినా, సీసాలో వయసు పెరిగినా ఎక్కువవుతుంది. బల్ల రెండుగా చీలిపోయింది. అది లోపమే అని ఒక వర్గం, అదే రీస్లింగ్ అందం అని ఇంకో వర్గం. నేను రెండో వర్గం. గొడవ ఎంత బాగా జరిగిందంటే కొత్త రీస్లింగ్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

అలా అని అందరూ నాకు నచ్చుతారని కాదు. ఒకాయన ఉన్నారు, సంచి తీయగానే ఆ తోట చరిత్ర, 1855 నాటి బోర్డో వర్గీకరణ, దాంట్లో 1973లో మూటాన్ అనే తోట పైమెట్టు ఎక్కడం, అన్నీ ఏకబిగిన అప్పజెబుతారు. ఆయన కాగితం మీద మాత్రం రెండు లైన్లకు మించి ఉండవు. ఆయన దగ్గర నేర్చుకున్నది లేదనను. ఏ ఏడు వర్షాలు పడ్డాయో ఆయన్నే అడుగుతాం. కానీ కొత్తగా వచ్చినవాళ్ళను ఆయన పక్కన కూర్చోనివ్వం.

ఆ మధ్య చేరిన ఒక అమ్మాయి సిరా చూశాక కాగితం తిప్పకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. మిరియం రాలేదా అని అడిగాను. లేదంది, చిన్నబుచ్చుకుని. నా కాగితం చూపించి, అయిదుగురిలో ఒకరి లెక్క చెప్పాను. "అయితే మనిద్దరం ఒకే జట్టు అండీ" అంది. ఇప్పుడు సిరా వచ్చినప్పుడల్లా మా ఇద్దరి కాగితాలు విడిగా పెడతారు. మిరియం మరుగున పడిపోయే పండు, పొగ, పులుపు వివరాలు మాకు ఎక్కువ తెలుస్తున్నాయేమోనని పెద్దావిడ అనుమానం. ఆవిడ ప్రతిదానికీ ఒక అనుమానం పెట్టుకుంటారు. ఇంకా తేలలేదు.

వచ్చే నెలకు ఆస్ట్రియా వైట్ వైన్ గ్రూనర్ వెల్ట్‌లీనర్ అనుకున్నారు. తెల్ల మిరియాల వాసనకు పేరున్న వైన్ అది, దాంట్లోనూ ఉన్నది రోటండోనే. కాగితం మీద వాసన గడి మిగతావాళ్ళు నింపుతారు. పులుపు గడి మా ఇద్దరికి వదిలేశారు.